గడప ముందు నీళ్ళు

తెలుగు పల్లెలలో ఒకప్పుడు ప్రతి ఇంటి వాకిట ఒక నీళ్ళ గోలెం, దాని ప్రక్కన ఒక చెంబు ఉండేవి. పొలం నుండి వచ్చిన యజమాని అయినా, పొరుగూరి నుండి వచ్చిన వియ్యంకుడు అయినా ఆ నీళ్ళతో కాళ్ళు కడుగుకొన్న తరువాతనే గడప దాటేవాడు. కాళ్ళకు నీళ్ళు ఇచ్చినందుకు ఏ చుట్టమూ చిన్నబుచ్చుకోలేదు. ఇవ్వకపోతేనే చిన్నబుచ్చుకొనేవాడు. దారిలోని మట్టి దారికే చెందుతుంది కాని ఇంటికి చెందదు అనే వివేకం ఆ చెంబెడు నీళ్ళలో ఉండేది.

దేశాలకు కూడా ఇటువంటి గడపలు ఉన్నాయి. వాటి ముందు సుంకపు అధికారులు, క్వారంటైన్ అధికారులు నిలిచి ఉంటారు. మనుషులు ఆ గడపలను తేలికగానే దాటవచ్చు. కారును దాటించడం కష్టం. అది పాత కారు అయితే మరింత కష్టం. అరవై ఏళ్ళు దాటిన ఒక కారును వెంటబెట్టుకొని దేశాలు తిరిగిన ఒక వృద్ధ దంపతుల అనుభవం ఇందుకు నిదర్శనం.

ఆ దంపతులది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం. ఆయన పదవీ విరమణ చేసిన బడిపంతులు. ఆమె ముప్పై ఏళ్ళకు పైగా ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. వారి ఇంటిలో 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఒకటి ఉంది. అది ఆయన తండ్రి కొన్నది. 1968 నవంబరు 24న లండను నుండి సిడ్నీ వరకు ఒక గొప్ప కారు పందెం మొదలయింది. పోటీదారులు ఐరోపా, ఆసియా ఖండాలు దాటి బొంబాయి చేరారు. అక్కడ కార్లను ఓడకెక్కించి ఆస్ట్రేలియా పడమటి తీరంలో దించుకొన్నారు. డిసెంబరు 17 నాటికి సిడ్నీలో పందెం ముగిసింది. ఆ రోజులలో తండ్రి పత్రికలలో వచ్చిన బొమ్మలను కత్తిరించి అట్టపుస్తకంలో అంటించుకొన్నాడు. ఆ దారిలో తన కారును నడపాలన్న కోరిక ఆయనకు తీరలేదు. ఆయన మరణానంతరం కారూ, అట్టపుస్తకమూ కొడుకుకు మిగిలాయి.

2018లో ఆ దంపతులు ప్రయాణానికి పూనుకొన్నారు. కారును ఓడలో ఇంగ్లాండుకు పంపి, అక్కడి నుండి నేలమీదుగా భారతదేశం వరకు నడిపి, చెన్నై రేవులో తిరిగి ఓడకెక్కించి స్వదేశం చేర్చాలని వారి సంకల్పం. ఆయన మరొక చిన్న పని కూడా పెట్టుకొన్నాడు. దాటిన ప్రతి దేశం నుండి చిటికెడు మట్టి తీసి ఒక సీసాలో పోసి, తిరిగి వచ్చిన తరువాత దానిని తండ్రి సమాధి మీద చల్లాలని అనుకొన్నాడు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బయలుదేరక ముందే వారికి ఎదురైన మొదటి ప్రశ్న సుంకానికి సంబంధించినది. ఒక దేశంలోకి విదేశీ కారు ప్రవేశిస్తే ఆ దేశం దానిని దిగుమతి సరుకుగానే చూస్తుంది. యాత్రికుడు దానిని అక్కడే అమ్మివేసి విమానమెక్కి వెళ్ళిపోతే ఖజానాకు రావలసిన సుంకం పోతుంది. అలాగని ప్రతి సరిహద్దులోనూ సుంకం చెల్లించి, వెళ్ళేటప్పుడు తిరిగి పుచ్చుకోవడం సామాన్యునికి సాధ్యం కాదు. ఈ చిక్కును విడదీయడానికి ‘కార్నే’ అనే పుస్తకం ఏర్పడింది. వాహనాల తాత్కాలిక దిగుమతి గురించి 1954లో న్యూయార్కులో కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక దానికి అండగా నిలిచింది. యాత్రికుని స్వదేశంలోని మోటారు సంఘం ఆ పుస్తకాన్ని ఇస్తుంది. ‘ఈ కారు మీ దేశం నుండి తప్పక వెళ్ళిపోతుంది, వెళ్ళకపోతే సుంకానికి మాది పూచీ’ అని ఆ పుస్తకం ప్రతి సరిహద్దులోనూ యజమాని పక్షాన పలుకుతుంది.

కార్నేలోని ప్రతి పుటలోనూ మూడు భాగాలు ఉంటాయి. కారు దేశంలోకి వచ్చినప్పుడు అధికారి ఒక భాగాన్ని చించి తీసికొంటాడు. వెళ్ళేటప్పుడు రెండవ భాగాన్ని తీసికొంటాడు. మూడవ భాగం పుస్తకంలోనే మిగులుతుంది. రాక, పోక రెండింటి ముద్రలూ దాని మీద పడాలి. పోక ముద్ర లేకపోతే కారు ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్లు లెక్క. సుంకం చెల్లించవలసినదిగా కొన్ని నెలల తరువాత మోటారు సంఘానికి ఉత్తరం వస్తుంది. ఆ సంఘం యజమాని వద్ద ముందుగానే తీసికొన్న హామీ సొమ్ము నుండి దానిని రాబట్టుకొంటుంది. కొన్ని దేశాలలో ఆ సుంకం కారు వెలను మించిపోతుంది. ఆ దంపతులు తమ వృద్ధాప్యం కొరకు దాచుకొన్న సొమ్ములో అధిక భాగాన్ని బ్యాంకులో హామీగా ఉంచారు. అప్పటి నుండి ఆ పలుచని పుస్తకం వారి పాలిట ఇంటి దస్తావేజు వంటిదయింది. ఆమె దానిని గుడ్డసంచిలో పెట్టి మెడలో వేసికొని తిరిగేది.

పరదేశపు రేవులో అడుగుపెట్టే వారికి ఇటువంటి భరోసా ఎంత అవసరమో తెలుగునేల ఏనాడో గుర్తించింది. కాకతీయ గణపతిదేవుడు 1244–45 నాటి మోటుపల్లి అభయశాసనంలో సముద్ర వ్యాపారులకు మాట ఇచ్చాడు. తుపాను పాలై ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసికొనేవారు. తాను మాత్రం ముప్పయ్యింట ఒక వంతు సుంకం తప్ప మరేదీ తీసికొననని ఆయన ప్రకటించాడు. ఇంత తీసికొంటాము, ఇంతకు మించి తీసికొనము అని గడపలోనే చెప్పిన రాజు దగ్గరికి ఓడలు ధైర్యంగా వచ్చాయి. కార్నే కూడా అటువంటి మాటయే. అయితే ఈ మాటను ఉభయులూ నిలబెట్టుకోవాలి.

‘సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు’ అని తెలుగులో ఒక సామెత ఉంది. ఎడారి నడుమ ఉన్న ఒక సరిహద్దులో ఆ దంపతులకు దాని అర్థం బోధపడింది. వారు ఆ దేశం విడిచి వెళ్ళే రోజున మిట్టమధ్యాహ్నపు ఎండ నిప్పులు చెరుగుతోంది. అధికారి పాస్‌పోర్టుల మీద ముద్రలు వేసి, కార్నేలోని పోక భాగాన్ని చించుకొని, వెళ్ళమన్నట్లు చేయి ఊపాడు. ఆయన కారు కదిలించాడు. ఆమె అలవాటు ప్రకారం పుస్తకం తెరచి చూసింది. మిగిలిన భాగం మీద రాక ముద్ర ఒక్కటే ఉంది. గేటు పది గజాల దూరంలో ఉంది. అది దాటితే మరల లోపలికి రావడానికి వారికి అనుమతి లేదు.

“ఆపండి” అన్నది ఆమె.

కారు దిగి వెనుకకు నడిచింది. కిటికీ మూసి ఉంది. అధికారి భోజనానికి వెళ్ళాడు. ఆయన వచ్చేసరికి కరెంటు పోయింది. ముద్ర చేతితో వేసేదే అయినా, వివరాలు కంప్యూటరులో ఎక్కితే గాని ముద్ర వేయడానికి వీలులేదట. వృద్ధులమనీ, ఎండకు తాళలేమనీ, చీకటి పడేలోగా తరువాతి ఊరు చేరాలనీ ఆమె చెప్పి చూసింది. అధికారి జాలిగా తల ఊపాడే గాని నిబంధన మారలేదు. నాలుగు గంటల తరువాత ముద్ర పడింది. ఆ నాలుగు గంటలలో ఆయన తన తండ్రి కోరిక గురించి, ఆమె తమ బ్యాంకు కాగితం గురించి ఆలోచిస్తూ కూర్చున్నారు. ఎవరి ఆలోచన ఏదో ఒకరికొకరు చెప్పుకోలేదు.

అటారీ వద్ద భారతదేశంలో ప్రవేశించిన నాటి నుండి కారుకు కొత్త గౌరవం లభించింది. దారి పొడుగునా జనం దానిని చూసి “అంబాసిడర్! అంబాసిడర్!” అని కేకలు వేశారు. వారి పొరపాటులో సత్యం లేకపోలేదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనానే హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరలో అంబాసిడరుగా మలచింది. 2014లో తయారీ ఆగే వరకు మంత్రులనూ పెళ్ళికొడుకులనూ మోసిన ఆ కారుకు ఈ మోరిస్ అక్క వంటిది.

ఆ బంధుత్వం ఒంగోలు సమీపంలో అక్కరకు వచ్చింది. చెన్నైకి వెళ్ళే జాతీయ రహదారి మీద బ్రేకు పట్టు తప్పింది. కారును మెల్లగా నడుపుకొంటూ రోడ్డు ప్రక్కనున్న ఒక షెడ్డుకు చేర్చారు. ఆ మెకానిక్కు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు చక్రం మీద చేయి వేసి చిరునవ్వు నవ్వాడు. పాలిటెక్నిక్‌లో చదివే మేనల్లుడు ఆయన మాటలను ఇంగ్లీషులో చెప్పాడు.

“దీని చెల్లెళ్ళను కొన్ని వందలు విప్పి బిగించాను. ఇది మాకు కొత్త కాదమ్మా.”

చక్రం ఊడదీసి, డ్రమ్ము తీసి, లోపల పేరుకొన్న నల్లని దుమ్మును నోటితో గట్టిగా ఊదాడు. అరిగిపోయిన లైనింగును తొలగించి, కొత్త లైనింగుకు రివెట్లు కొట్టి రెండు గంటలలో నాలుగు చక్రాలూ సరిచేశాడు. కూలికి మించి ఒక్క రూపాయి కూడా పుచ్చుకోలేదు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. దంపతులు సంతోషంగా సెలవు తీసికొన్నారు.

చెన్నైలో ఓడ వ్యవహారాలు చూసే ఏజెంటు వారి ముందు ఒక పట్టిక పెట్టాడు. ఆస్ట్రేలియా గడప దాటబోయే వాహనంలో మట్టి ఉండరాదు. విత్తనం, ఆకు, గడ్డిపోచ, ఈక, పురుగు, పురుగు గుడ్డు ఉండరాదు. కారును కంటెయినరులో కదలకుండా బిగించే కొయ్యదిమ్మెలు కూడా 56 డిగ్రీల వేడిలో అరగంట కాగి, అంతర్జాతీయ ముద్ర పొంది ఉండాలి. తమ దేశపు కారు తమ ఇంటికి పోవడానికి కూడా ఇన్ని ఆంక్షలా అని ఆయన విసుగుపడ్డాడు. ఊరికి వెళ్ళివచ్చిన ఇంటి మనిషి కూడా కాళ్ళు కడుగుకోవాలి కదా అని ఆమె సమాధానం చెప్పింది.

క్వారంటైన్ అనే మాటకు ఇటలీ భాషలోని నలభై అనే పదం మూలం. 1377లో ఏడ్రియాటిక్ తీరంలోని రగూసా నగరం, మహమ్మారి ఉన్న చోట్ల నుండి వచ్చేవారిని 30 రోజులు ఊరి వెలుపల నిలిపింది. కాలక్రమాన ఆ గడువు 40 రోజులయి, ఆ పేరే స్థిరపడింది. 2020లో కరోనా వచ్చిన తరువాత ఈ మాట తెలియని తెలుగు పల్లె లేదు. కాని మనుషులకు సోకే రోగాల కంటె నిశ్శబ్దంగా ప్రయాణం చేసేవి మరికొన్ని ఉన్నాయి. అవి మొక్కలు, పురుగులు.

ఈ విషయంలో ఆస్ట్రేలియా అనుభవించిన కష్టాలు సామాన్యమైనవి కావు. రంగు పురుగుల పెంపకానికని వలసవాదులు వెంట తెచ్చుకొన్న నాగజెముడు జాతి మొక్కలు 1920ల నాటికి రెండు కోట్ల హెక్టార్లకు మించిన నేలను ఆక్రమించాయి. రైతులు పొలాలను విడిచి వెళ్ళిపోయారు. అర్జెంటీనా నుండి ఒక జాతి చిమ్మటను తెచ్చి వదిలితే గాని అవి అణగలేదు. పొరుగున ఉన్న న్యూజిలాండ్ 2018 ఫిబ్రవరిలో జపాను నుండి వాహనాలతో వచ్చిన కొన్ని నౌకలను సరుకు దించనీయకుండానే వెనుకకు పంపింది. పండ్లతోటలను పాడుచేసే ఒక జాతి కంపునల్లులు వాటిలో కనబడడమే కారణం. భారతదేశం నుండి వెళ్ళే సరుకులో ఖప్రా పురుగు ఉంటుందేమోనని కూడా ఆ దేశాలు జంకుతాయి. ధాన్యాన్ని పిండిచేసే ఆ పురుగు పిల్లలు తిండి లేకపోయినా పగుళ్ళలో దాగి ఏళ్ళ తరబడి బ్రతకగలవు.

తెలుగు రైతుకు ఈ బాధను వేరుగా వివరింపనక్కరలేదు. పొలం గట్ల మీద తెల్లని పూలతో ఊగే వయ్యారిభామను చూస్తే చాలు. అమెరికా ఖండానికి చెందిన ఆ మొక్క 1950లలో పుణే పరిసరాలలో గుర్తింపబడింది. దిగుమతి అయిన గోధుమలతో దాని విత్తనాలు వచ్చాయని చెబుతారు. ఈనాడు అది ఎక్కని గట్టు లేదు. తగిలితే ఒళ్ళు దద్దురులు, పీలిస్తే ఆయాసం. పేరు సొగసుగా ఉన్నా రైతు దానిని తలచుకొని నిట్టూరుస్తాడు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కూడా అదే మొక్క పాతుకొనిపోయింది. ఒక్క మొక్క వేల విత్తనాలను రాలుస్తుంది. చక్రాలకు అంటుకొన్న బురదలో అవి దూరాలు ప్రయాణిస్తాయి కనుక అక్కడ వాహనాలను కడగడానికి ప్రత్యేకంగా స్థలాలను ఏర్పరచారు. గడప ముందు నీళ్ళు ఉంచకపోతే ఏమవుతుందో ఈ రెండు నేలలకూ తెలుసు.

మూడు రోజులపాటు ఆ దంపతులు కారు కడిగారు. క్రొత్త కారు అయితే ఒక పూటలో పని తీరేది. పాత కారు శరీరమంతా సందులే. పొరలు పొరలుగా పేర్చిన పట్టీల స్ప్రింగులలో తొమ్మిది దేశాల మట్టి ఉంది. రేడియేటరు జల్లెడలో రెక్కల పురుగులు, తలుపుల అడుగున గడ్డిగింజలు, వెనుక సీటు క్రింద ఎప్పుడో రాలిన రొట్టెముక్కలు ఉన్నాయి. చక్రాలు విప్పి, తివాచీలు తీసి, వేడినీటి గొట్టంతో కడిగి, గాలిగొట్టంతో ఆరబెట్టారు. ఆమె పళ్ళు తోముకొనే బ్రష్షుతో స్ప్రింగు పట్టీల నడుమ రుద్దింది. మట్టి కరగి పారుతుంటే ఆయనకు తన ప్రయాణమే కారిపోతున్నట్లు తోచింది. అది ఏ ఊరి మట్టో, ఏ కొండదారి దుమ్మో ఆయన గుర్తుపట్టగలిగేవాడు.

పట్టికలో చివరి ప్రశ్న ఆస్బెస్టాస్ గురించినది. తెలుగులో దానిని రాతినార అంటారు. వేడికి కాలదు కనుక పూర్వం బ్రేకు లైనింగులలో, క్లచ్ పళ్ళెంలో, ఇంజను అతుకుల మధ్య దానిని విరివిగా వాడేవారు. దాని సూక్ష్మమైన పోగులు ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల తరువాత ప్రాణాంతకమైన క్యాన్సరుగా బయటపడవచ్చు. ఆస్ట్రేలియా 2003 డిసెంబరు 31 నుండి దానిని పూర్తిగా నిషేధించింది. పాత కారు అయినా, సొంత కారు అయినా మినహాయింపు లేదు. ఆ దంపతులు బయలుదేరక ముందే కారులోని అటువంటి భాగాలన్నిటినీ మార్పించి, రుజువు కాగితాలు దగ్గర పెట్టుకొన్నారు. కాని ఒంగోలు దగ్గర వేయించిన లైనింగుకు కాగితం లేదు.

చిన్న ముక్కను పరీక్షకు పంపారు. రాతినార ఉన్నదని ఫలితం వచ్చింది. ఏజెంటు చెన్నైలోనే మరొక లైనింగు వేయించవచ్చునని అన్నాడు. అది తేలిక కూడా. కాని ఆ కాగితం చదివిన తరువాత ఆమెకు కారు గుర్తుకు రాలేదు. డ్రమ్ములోకి వంగి దుమ్మును ఊదిన మనిషి గుర్తుకు వచ్చాడు. ఆసుపత్రిలో పనిచేసిన రోజులలో ఆమె అటువంటి రోగులను చూసింది. మాట మధ్యలో శ్వాస కొరకు ఆగే ఆ మనుషులు ఆమెకు ఇంకా కళ్ళలో మెదులుతూనే ఉన్నారు. కారును చెన్నైలోనే ఉంచి, లైనింగులను తడిపి సంచిలో మూసికట్టి, మరునాడు ఇద్దరూ రైలులో ఒంగోలు వెళ్ళారు.

మెకానిక్కు మొదట తన పనిలో ఏదో లోపం జరిగిందనుకొని నొచ్చుకొన్నాడు. మేనల్లుడు నెమ్మదిగా వివరించాడు.

“పనిలో తప్పు లేదు మామా. ఆ లైనింగులో రాతినార ఉందట. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదవద్దని చెప్పడానికే అమ్మగారు ఇంత దూరం వచ్చారు.”

“నలభై ఏళ్ళుగా ఊదుతూనే ఉన్నానురా. మా గురువుగారూ ఊదినవారే” అన్నాడాయన. ఒక నిమిషం ఆగి, “ఆయన దగ్గుతోనే పోయాడు. చుట్ట వల్లనే అనుకొన్నాము” అన్నాడు.

కారణం అదేనని ఆమె అనలేదు. తెలియని దానిని తెలిసినట్లు చెప్పడం ఆమె వృత్తిధర్మం కాదు. దుమ్మును ఊదకుండా ముందుగా తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటకట్టి పారవేయాలని చేసి చూపింది. రాతినార లేని లైనింగులు కూడా ఇక్కడి బజారులో దొరుకుతాయని మేనల్లుడు చెప్పాడు. వెల కొంచెం ఎక్కువ. బండివాళ్ళు ఆ తేడా ఇవ్వడానికి ఇష్టపడరని మెకానిక్కు అన్నాడు. చివరకు ఆయన అడిగిన ప్రశ్నకు మేనల్లుడు వెంటనే అనువాదం చెప్పలేకపోయాడు.

“మీ దేశంవాళ్ళు మంచివాళ్ళేనమ్మా. కారుకు కూడా ఇంత పరీక్ష చేస్తున్నారు. మాకు ఎవరు చేస్తారు?”

ఆ ప్రశ్నకు పట్టికలో సమాధానం లేదు. గడప ఇవతల ఉన్నవారి ఊపిరిని కాపాడే నిబంధన, గడప అవతలి వారిని గురించి ఏమీ చెప్పదు. భారతదేశంలో కూడా రాతినార కార్మికుల ఆరోగ్యం వారి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు రోడ్డు ప్రక్కనున్న షెడ్డు వరకు నడిచి రావలసి ఉంది. అంతవరకు ఒక చెంబు నీళ్ళు, ఒక తడిగుడ్డ తప్ప ఆమె ఇవ్వగలిగినది లేదు. మెకానిక్కు వారి వెంట చెన్నై వచ్చి, రుజువు కాగితం ఉన్న లైనింగులను తన చేతితోనే బిగించాడు. ఈసారి డ్రమ్మును తడిపిన తరువాతనే తుడిచాడు.

కారు కంటెయినరు ఎక్కే ముందు రాత్రి ఆయన సీసాను బయటకు తీశాడు. మట్టి పొరలు పొరలుగా రంగులు మారుతూ ఉంది. ఇంతటి చిన్న సీసాను కోటు జేబులో పెట్టుకొంటే ఎవరికి తెలుస్తుందని ఆయన అన్నాడు. ఆమె మాట్లాడలేదు. కొంతసేపటికి ఆయనే, “పోనీ, ఇక్కడే చెట్టు మొదట పారబోస్తాను” అన్నాడు.

“ఇది ఎవరి నేల?” అని అడిగింది ఆమె.

ఆయన చేయి ఆగింది. పరదేశపు మట్టిని తీసికొనిరావడాన్ని భారతదేశం కూడా అనుమతించదు. ఇన్ని గడపలు దాటించి తెచ్చినప్పుడే తాను తప్పు చేశానని ఆయనకు స్ఫురించింది. ప్రతి చిటికెడులోనూ ప్రేమ ఉంది నిజమే. అందులో ఇంకేమి ఉన్నదో ఆయనకు తెలియదు. నాగజెముడు తెచ్చినవారూ చెడు తలపుతో తేలేదు. సీసా మూత బిగించి, మైనంతో మూసి, దాని పేరు వెల్లడించవలసిన వస్తువుల జాబితాలో తన చేతితోనే వ్రాశాడు.

2019 జనవరిలో కారు మెల్‌బోర్న్ చేరింది. తనిఖీకి వచ్చిన అధికారిణి దీపం, చిన్న అద్దం పట్టుకొని గంటన్నరసేపు కారు క్రిందనే గడిపింది. వెనుక కిటికీ అద్దం జారే గాడిలో నుండి రెండు వడ్లగింజలను సన్నని శ్రావణంతో తీసి అరచేతిలో చూపింది. నెల్లూరు దాటిన తరువాత దారిలో వడ్లలారీ వెంట నడిచిన సంగతి ఆయనకు గుర్తుకు వచ్చింది. కారును మరొకసారి కడగాలని, ఆ ఖర్చు యజమాని భరించాలని ఆమె ఆదేశించింది. ఆయన ఎదురు చెప్పలేదు. లైనింగుల కాగితాలు చూసి ఆమె తృప్తి చెందింది. తరువాత జాబితా చదివి సీసా అడిగింది. ఆయన ఇచ్చాడు. అది ఎందుకని ఆమె అడుగలేదు. దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞత తెలిపి, దానిని నాశనం చేయవలసిన వస్తువుల డబ్బాలో ఉంచింది. దాచి ఉంటే జరిమానా పడేది. చెప్పినందువలన సీసా మాత్రమే పోయింది.

కార్నే పుస్తకాన్ని మోటారు సంఘానికి అప్పగించారు. ముద్రలన్నీ సరిగా ఉన్నందున కొన్ని వారాలకు బ్యాంకు హామీ విడుదలయింది. ఇక వారి వద్ద ప్రయాణానికి గుర్తుగా ఏమీ మిగలలేదు. మట్టి లేదు, ముద్రల పుస్తకం లేదు, కారు మీద దుమ్ము కూడా లేదు. ఒక ఆదివారం ఉదయం వారు తళతళలాడే కారులో తండ్రి సమాధి వద్దకు వెళ్ళారు. ఆయన ఉత్త చేతులతో చాలాసేపు నిలబడి, దారి అంతా నోటితోనే చెప్పాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆమె ఫోనుకు ఒక ఫోటో వచ్చి ఉంది. ఒంగోలు నుండి మేనల్లుడు పంపాడు. షెడ్డులో ఒక పాత అంబాసిడరు జాకీ మీద నిలిచి ఉంది. చక్రం ఊడదీసి ఉంది. పదిహేడేళ్ళ కుర్రవాడొకడు ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని, చెంబుతో డ్రమ్ము మీద నీళ్ళు పోస్తున్నాడు. మెకానిక్కు ప్రక్కన నిలబడి చూస్తున్నాడు.